కాలి పుండు మానాలంటే: మొదటి రోజు నుంచి కొత్త చెప్పుల దాకా

నరసన్నపేట వైపు నుంచి వచ్చిన ఒక తాత డ్రెస్సింగ్ బల్ల మీద కూర్చున్నాడు. కుడికాలి బొటనవేలి మొదట్లో, అరికాలి వైపు, రూపాయి బిళ్లంత పుండు. చుట్టూ ఆనెకాయలా గట్టిపడి తెల్లబారిన చర్మం. అంటుకుపోయిన పాత కట్టును సెలైన్‌తో తడిపి నెమ్మదిగా విప్పుతున్నాను. ఆయన మనవరాలి పెళ్లి కబుర్లు చెబుతున్నాడు. ఒక్కసారి కూడా కాలు వెనక్కి లాక్కోలేదు. అది చూసి నాకు భయమేసింది. ఆయన విడిచిన చెప్పు తీసి చూశాను. అట్ట అరిగిపోయింది. కింద గుచ్చుకున్న మేకు మొన లోపలికి పొడుచుకొచ్చి ఉంది, సరిగ్గా పుండు ఉన్న చోటే. "నాకేటీ తెలీలేదమ్మా" అన్నాడు తాత.

అప్పటికి మూడు నెలలుగా ఆయన వేరే చోట చూపించుకుంటున్నాడు. సంచిలో నాలుగు రకాల ఆయింట్‌మెంట్ ట్యూబులు, రెండు రకాల యాంటీబయాటిక్ అట్టలు ఉన్నాయి. ఆ చెప్పు పట్టి చూసినవాళ్లు మాత్రం ఎవరూ లేరు.

శ్రీకాకుళంలో చాలా ఏళ్లుగా కట్లు కడుతున్న నర్సుని నేను. "ఏ మందు రాయాలి సిస్టరమ్మా?" అని రోజూ అడుగుతారు. పుండు ఎందుకు వచ్చిందో, ఎందుకు మానట్లేదో తేలకుండా ఏ మందు రాసినా పెద్దగా లాభం ఉండదు. ఆ కారణాన్ని పట్టుకోవడం ఎలాగో, ఆసుపత్రిలో మీ కాలికి ఏమేం జరగాలో, ఇంట్లో మీరేం చెయ్యాలో వరసగా చెబుతాను.

ముందు కాలు చూడండి

పగటి వెలుతురులో, రెండు కాళ్లూ కుర్చీ మీద చాపించి చూడాలి. పుండు ఒక కాలికే ఉన్నా రెండూ చూడండి, తేడా అప్పుడే తెలుస్తుంది. అరికాలు, మడమ వెనక భాగం, వేళ్ల సందులు, గోళ్ల అంచులు, చీలమండకు రెండు పక్కలా చూడండి. ఒంటరిగా ఉండేవాళ్లు నేల మీద అద్దం పెట్టుకుని చూసుకోవచ్చు, లేదా ఫోనుతో అరికాలి ఫొటో తీసుకోవచ్చు.

తర్వాత స్పర్శ. దీనికి పరికరం అక్కర్లేదు. పెద్దాయన్ని కళ్లు మూసుకోమని చెప్పండి. మీ చూపుడు వేలితో బొటనవేలు, మధ్యవేలు, చిటికెనవేలు చివరలను ఒక్కొక్కటిగా, రెండు కాళ్లకూ, ఒక సెకను పాటు ఊరికే తాకండి. నొక్కొద్దు, రుద్దొద్దు. తాకినప్పుడల్లా కుడో ఎడమో చెప్పాలి. ఆరింటిలో రెండు లేదా అంతకన్నా ఎక్కువ తప్పిపోతే ఆ కాళ్లకు స్పర్శ తగ్గిందని అనుమానించాలి. ఆసుపత్రిలో ఇదే పరీక్షను 10 గ్రాముల ఒత్తిడికి వంగే సన్నటి నైలాన్ దారంతో చేస్తారు. మోనోఫిలమెంట్ అంటారు దాన్ని.

ఇప్పుడు మీ అరచేతి వెనక భాగంతో రెండు పాదాలనూ తాకి చూడండి. ఒకటి చల్లగా ఉంటే రక్తం సరిగ్గా అందట్లేదేమో. ఒకటి బాగా వేడిగా, ఎర్రగా, వాచి ఉంటే చీము పట్టిందేమో. షుగరు ఉన్నవాళ్లలో పైకి పుండేమీ లేకుండానే ఒక పాదం వాచి వేడెక్కిందంటే లోపల ఎముకలు విరిగి కుంగుతూ ఉండవచ్చు. షార్కో పాదం అంటారు. బెణికిందనుకుని నూనె రాసి తోమించుకుంటే పాదం ఆకారమే మారిపోతుంది. ఆ కాలితో ఇక ఒక్క అడుగు కూడా వెయ్యకుండా వెళ్లి చూపించుకోవాలి.

ఇది ఏ రకం పుండు

పుండు ఎక్కడ ఉందో చూస్తే కారణం సగం తెలిసిపోతుంది.

అరికాలిలో, ముఖ్యంగా వేళ్ల మొదళ్ల కింద, గుండ్రంగా, చుట్టూ ఆనెకాయతో, నొప్పి లేకుండా ఉంటే అది స్పర్శ పోయిన కాలికి ఒత్తిడి వల్ల వచ్చిన పుండు. షుగరు వల్ల నరాలు దెబ్బతిన్నవాళ్లలో ఎక్కువగా ఇదే చూస్తాం. కుష్ఠు వల్ల నరాలు పోయిన కాళ్లకూ అచ్చంగా ఇలాగే వస్తుంది. షుగరు లేని మనిషికి ఇలాంటి పుండు వచ్చి, ఒంటి మీద స్పర్శ లేని మచ్చ కూడా ఉంటే దాచుకోకండి. కుష్ఠుకు మందులు ఉచితం, పూర్తిగా నయమవుతుంది.

వేళ్ల చివర్లలో గానీ మడమ అంచున గానీ నల్లబడి, ఎండినట్టుండి, రాత్రి పడుకుంటే భరించలేని నొప్పి వచ్చి, కాలు మంచం దిగువకు వేలాడేస్తే కాస్త తగ్గుతుంటే అది రక్తనాళాలు పూడుకుపోయిన కాలు. పాదం చల్లగా ఉంటుంది, చర్మం నున్నగా మెరుస్తుంది.

చీలమండకు లోపలి వైపున, కాస్త పైగా, వెడల్పుగా, రసి కారుతూ, చుట్టూ చర్మం గోధుమ రంగులోకి మారి ఉంటే అది సిరల జబ్బు. సిరలంటే రక్తాన్ని గుండెకు తిరిగి తీసుకెళ్లే నాళాలు. గంటల తరబడి నిలబడి పని చేసేవాళ్లకు, పిక్కల మీద సిరలు మెలికలు తిరిగి ఉబ్బినవాళ్లకు వస్తుంది. కాలు పైకెత్తి పెడితే హాయిగా ఉంటుంది. నాళాలు పూడుకున్న కాలికి దీనికి సరిగ్గా వ్యతిరేకం. ఈ ఒక్క తేడా బాగా గుర్తుపెట్టుకోండి. చికిత్సలో ఇదే ప్రాణాధారం.

మన తీరంలో బోదకాలు కూడా ఉంది. వాచిన కాలి మడతల్లో, వేళ్ల సందుల్లో చర్మం ఒరిసి చీలి, అక్కడి నుంచి క్రిములు లోపలికి వెళ్లి చలిజ్వరం, ఎర్రటి వాపు వస్తుంటాయి. ఇలాంటి కాలిని రోజూ మామూలు సబ్బుతో కడిగి, మడతల్లో, వేళ్ల సందుల్లో తడి లేకుండా మెత్తగా అద్దడమే సగం వైద్యం. ఒకటికి రెండు జబ్బులు కలిసి ఉండటం కూడా మామూలే. షుగరు మనిషికి నరాలూ పోయి, నాళాలూ పూడి ఉండవచ్చు.

మొదటి రోజు

వరి కోశాక కొయ్యకాలు గుచ్చుకున్నా, తాటిమట్ట కోసుకున్నా, రథసప్తమి నాడు అరసవల్లిలో ఎండకు కాగిన బండల మీద నడిచి అరికాలు పొక్కినా, మొదట చేసే పని ఒకటే. పారే శుభ్రమైన నీళ్లతో, మామూలు సబ్బుతో కొన్ని నిమిషాలు బాగా కడగండి. రక్తం కారుతుంటే శుభ్రమైన గుడ్డతో గట్టిగా అదిమి పట్టి కాలు పైకెత్తండి. తర్వాత కట్టుకు వాడే పలుచని గాజ్ గుడ్డ పెట్టి వదులుగా కట్టండి.

కాఫీపొడి, సున్నం, పసుపు ముద్ద, గడ్డిచామంతి పసరు, కిరసనాయిలు, ఇవేవీ పెట్టొద్దు. మన పెద్దవాళ్లు ప్రేమతోనే పెడతారు, నాకు తెలుసు. కానీ వాటిని గోకి తీసేదాకా లోపల గాయం ఎంత లోతుందో మాకు కనిపించదు, కొన్నిటి వల్ల క్రిములు కూడా చేరతాయి. బొబ్బను పిన్నుతో పొడవొద్దు. ఆనెకాయను బ్లేడుతో కోసుకోవద్దు, ఆనెకాయల పట్టీ అంటించొద్దు. అందులోని ఆమ్లం స్పర్శ లేని కాలిని తినేస్తుంది, మీకు తెలియదు.

లోతైన గాయానికి, మట్టి అంటిన గాయానికి ధనుర్వాతం రాకుండా వేసే ఇంజెక్షన్ (టీటీ లేదా టీడీ) సంగతి అడగండి. చిన్నప్పటి డోసులన్నీ పూర్తయినవాళ్లకు శుభ్రమైన చిన్న గాయానికి చివరి డోసు పడి పదేళ్లు, మురికి గాయానికి అయిదేళ్లు దాటితే మళ్లీ వేస్తారు. ఎప్పుడు వేయించుకున్నారో గుర్తులేకపోతే వేయించుకోవడమే మంచిది.

వేటకు వెళ్లే మత్స్యకారులకు ఒక మాట. సముద్రపు నీళ్లలో ఆల్చిప్ప గానీ చేప ముల్లు గానీ కోసుకున్న గాయం కొన్ని గంటల్లోనే వాచి, నీలం రంగు బొబ్బలు వేస్తే అది మామూలు చీము కాదు. ఉప్పునీటిలో ఉండే కొన్ని క్రిములు, ముఖ్యంగా కాలేయం పాడైనవాళ్లలో, ప్రాణాల మీదకు తెస్తాయి. గాయం సముద్రంలో అయిందని డాక్టరుకు మొదటి మాటగానే చెప్పండి. వాడాల్సిన యాంటీబయాటిక్ దాన్ని బట్టి మారుతుంది.

తెల్లారేదాకా ఆగకూడనివి

పెన్నుతో ఎరుపు అంచు చుట్టూ గీత గీయండి. ఆ ఎరుపు గీత దాటి పాకుతున్నా, పుండు అంచు నుంచి రెండు సెంటీమీటర్లకు మించి ఉన్నా వెంటనే బయలుదేరాలి. చలిజ్వరం, కుళ్లు వాసన, నొక్కితే లోపల గాలి ఉన్నట్టు చిటపటలాడటం, వేలు నల్లబడటం, పాదం ఉన్నట్టుండి చల్లబడి పాలిపోవడం, కారణం లేకుండా షుగరు బాగా పెరిగిపోవడం, ఇవి కూడా అంతే. రాత్రయినా 108కు ఫోన్ చెయ్యండి.

షుగరు ఉన్న మనిషికి ఇవేవీ లేకపోయినా, కాలికి చర్మం తెగిన ఏ గాయమైనా ఒకటి రెండు రోజుల్లో డాక్టరు చూడాల్సిందే.

ఎక్కడికి వెళ్లాలి, ఏం పట్టుకెళ్లాలి

చిన్న గాయానికి ఊళ్లోని పీహెచ్‌సీ చాలు. మానని పుండుకు, చీము పట్టిన పాదానికి సర్జరీ విభాగం కావాలి. శ్రీకాకుళంలో రిమ్స్, విజయనగరంలో ప్రభుత్వ సర్వజన ఆసుపత్రి, నెల్లిమర్లలో మిమ్స్ ఉన్నాయి. పూడుకున్న రక్తనాళాలు తెరవాల్సి వస్తే సాధారణంగా విశాఖపట్నం పంపుతారు. సాలూరులోని ఫిలడెల్ఫియా లెప్రసీ ఆసుపత్రిలాంటి చోట్ల స్పర్శ పోయిన కాళ్లకు వైద్యం ఎన్నో ఏళ్లుగా జరుగుతోంది. కుష్ఠు పేరు విని మొహం తిప్పుకోకండి. నొప్పి తెలియని పాదం మీద ఒత్తిడి పడటం వల్లే ఈ పుండ్లు వస్తాయని ప్రపంచానికి గట్టిగా చెప్పినవారిలో ముఖ్యుడు సర్జన్ పాల్ బ్రాండ్. ఆయన 1946లో వెల్లూరు వచ్చి కుష్ఠు రోగుల కాళ్లూ చేతులూ చూస్తూ అది గ్రహించారు. ఇవాళ షుగరు పుండ్లకు చేసే వైద్యంలో చాలా భాగం అక్కడ నేర్చుకున్నదే.

వెళ్లేటప్పుడు మందుల అట్టలన్నీ, పాత రిపోర్టులు, ఇన్సులిన్ చీటీ, రోజూ వేసుకునే చెప్పులు పట్టుకెళ్లండి. కొత్త చెప్పులు వద్దు, అరిగినవే కావాలి. ఆధార్, రేషన్ కార్డు ఉంటే ఎన్టీఆర్ వైద్య సేవ కౌంటరులో ఆపరేషన్ వర్తిస్తుందేమో ముందే అడగొచ్చు.

డ్రెస్సింగ్ గదిలో ఏం జరగాలి

ఇది తెలిసి ఉంటే మర్యాదగానే అడిగి చేయించుకోవచ్చు.

మొదట కొలత. పుండు పొడవు, వెడల్పు, లోతు కాగితం మీద రాయాలి. ఫొటో తీసుకుంటే ఇంకా మంచిది. కొలవకపోతే నెల తర్వాత తగ్గిందో పెరిగిందో ఎవరూ చెప్పలేరు. "బాగానే ఉంది" అన్న మాటకు విలువ ఉండదు.

తర్వాత లోతు చూడటం. శుభ్రమైన లోహపు పుల్లతో పుండు లోపల మెల్లగా తాకి చూస్తారు. రాయిని తాకినట్టు టక్కున తగిలితే ఎముక దాకా వెళ్లిందని బలమైన అనుమానం. అప్పుడు ఎక్స్‌రే తీస్తారు. అయితే ఎముకలో చీము మొదలైన రెండు మూడు వారాల దాకా ఎక్స్‌రేలో కనిపించకపోవచ్చు. మొదటి ఫిల్ము బాగుందని ధీమా పడకుండా, అనుమానం ఉంటే మళ్లీ తీయించుకోవాలి.

మూడోది రక్తప్రసరణ. పాదం పైన, చీలమండ లోపలి వైపు నాడి చూడాలి. నాడి దొరక్కపోతే చీలమండ దగ్గర బీపీని చేతి బీపీతో పోల్చి చూసే పరీక్ష చేయించాలి. ఏబీఐ అంటారు. మామూలుగా అది 0.9 నుంచి 1.3 మధ్య ఉంటుంది. 0.9 కన్నా తగ్గితే నాళాలు పూడుతున్నట్టు. షుగరు, కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లలో నాళాల గోడలు సున్నం పట్టి గట్టిపడితే ఆ అంకె అబద్ధంగా పెరిగి 1.3 దాటిపోతుంది. ఎక్కువ వచ్చింది కదా మంచిదే అనుకోకూడదు. నాళాల్లో రక్తం ఎలా పారుతోందో చూసే డాప్లర్ స్కాన్ చేయించాలి.

ఈ మూడూ అయ్యాకే శుభ్రం చెయ్యడం. చచ్చిపోయిన కండను, చుట్టూ ఉన్న ఆనెకాయను బ్లేడుతో, కత్తెరతో తీసేస్తారు. డెబ్రిడ్‌మెంట్ అంటారు. అది చూసి ఇంటివాళ్లు కంగారు పడతారు. "చిన్న పుండును ఇంత పెద్దది చేశారేటి?" అని నాతో గొడవ పడినవాళ్లున్నారు. అసలు పుండు ఆ గట్టి చర్మం కిందే దాక్కుని ఉంటుంది. పైనున్న మూత తీస్తే దాని నిజమైన కొలత బయటపడుతుంది. ఆ ఆనెకాయే రాయిలా లోపలి కండను నొక్కుతూ ఉంటుంది కాబట్టి అది తీస్తేనే ఒత్తిడి తగ్గుతుంది. మళ్లీ పేరుకుంటుంది, మళ్లీ తీయాలి. ఒక్కదానికి మాత్రం మినహాయింపు ఉంది. రక్తం అందక ఎండి నల్లబడ్డ వేలిని, నాళాల సంగతి తేలకుండా కోయకూడదు. చీము లేనంత వరకు దాన్ని పొడిగానే ఉంచుతారు.

యాంటీబయాటిక్ విషయంలో మనకో అలవాటు ఉంది, రాయకపోతే డాక్టరుకు చేతకాదనుకుంటాం. ఎరుపు, వేడి, వాపు, చీము లాంటి లక్షణాలు లేని పుండుకు యాంటీబయాటిక్ వల్ల ఉపయోగం లేదు. లక్షణాలు ఉంటే సాధారణంగా ఒకటి రెండు వారాలు, ఎముకకు పాకితే ఆరు వారాల వరకు వాడాలి. ఏ క్రిమి ఉందో తేల్చే కల్చర్ పరీక్ష కోసం పైపైన దూది పుల్లతో రాసి తీసిన రసి కన్నా, శుభ్రం చేశాక లోపల నుంచి తీసిన చిన్న కండ ముక్క నమ్మకమైనది.

సిరల పుండుకు వైద్యం వేరు. వేళ్ల మొదటి నుంచి మోకాలి కింద దాకా పొరలు పొరలుగా బిగువు కట్టు కడతారు. చీలమండ దగ్గర బీపీ కొలిచే లెక్కలో దాదాపు 40 మిల్లీమీటర్ల ఒత్తిడి ఉండేలా, పైకి పోయేకొద్దీ తగ్గేలా కట్టాలి. అది నేర్చుకున్న చేతులు కట్టాల్సిన కట్టు. నాళాలు పూడిన కాలికి ఇదే కట్టు కడితే వేళ్లు నల్లబడతాయి. అందుకే బిగువు కట్టుకు ముందు నాడి చూశారా అని తప్పకుండా అడగండి.

కాలి మీద బరువు తీసెయ్యడం

అరికాలి పుండుకు ఇదే అసలు మందు. మిగతావన్నీ దీని వెనకే.

కాలికి స్పర్శ ఉన్న మనిషి పుండు మీద అడుగు వెయ్యలేడు, కుంటుతాడు. ఆ కుంటడమే పుండును మాన్పుతుంది. స్పర్శ లేని మనిషి మామూలుగానే నడుస్తాడు. మేం ఉదయం కట్టిన కట్టు లోపల, ప్రతి అడుగుకూ కొత్తగా పుట్టిన కండ నలిగిపోతూ ఉంటుంది.

అన్నిటికన్నా మంచి పద్ధతి పాదం నుంచి మోకాలి కింద దాకా కాలికి అతుక్కునేలా వేసే గట్టి పిండికట్టు పట్టీ. టోటల్ కాంటాక్ట్ కాస్ట్ అంటారు. బరువు అరికాలు మొత్తానికీ, పిక్కకూ పంచుకుపోతుంది. పైగా ఇంటికి వెళ్లాక విప్పేసే వీలు లేదు. అదే దాని గొప్పతనం. మొదటి పట్టీని రెండు మూడు రోజుల్లో మార్చాలి, ఎందుకంటే వాపు తగ్గి అది వదులవుతుంది. తర్వాత సాధారణంగా వారం వారం. చీము పట్టని, రక్తం బాగా అందే పుండు చాలామందికి ఆరు నుంచి ఎనిమిది వారాల్లో మానుతుంది. చీము ఉన్నా, రక్తం సరిగ్గా అందకపోయినా ఈ పట్టీ వెయ్యకూడదు.

అది దొరకని చోట మోకాలి కింద దాకా వచ్చే వాకర్ బూటు, పుండు మేరకు కత్తిరించిన ఫెల్ట్ (మందపాటి మెత్తటి గుడ్డ) ముక్కలు వాడతారు. విప్పడానికి వీలున్న ఏ బూటైనా వేసుకున్నంత సేపే పని చేస్తుంది. బయటికి వెళ్లేటప్పుడు వేసుకుని ఇంట్లో విప్పేస్తే, మనిషి ఎక్కువ అడుగులు వేసేది ఇంట్లోనే కదా!

అందుకని ఒక రోజంతా కూర్చుని పెద్దాయన అడుగులు ఎక్కడ పడుతున్నాయో చూడండి. నేను చూసిన ఇళ్లల్లో మరుగుదొడ్డి పెరటి చివర ఉంటుంది. రాత్రి మూడుసార్లు లేస్తే ఆరుసార్లు పెరడు దాటినట్టే. మంచం పక్కన కమోడ్ కుర్చీ పెడితే ఆ అడుగులన్నీ తగ్గిపోతాయి. పాలవాడి కోసం వీధి గుమ్మం దాకా, పశువుల శాల దాకా, తులసికోట చుట్టూ వేసే అడుగులు కూడా లెక్కే. అవి కొన్నాళ్లు ఇంకెవరైనా వెయ్యాలి. చేతికర్ర కన్నా, పట్టుకుని నడిచే నాలుగు కాళ్ల వాకర్ మంచిది.

పూజ గది ఉన్న ఇంట్లో చెప్పులేమిటని అత్తగార్లు అంటారు. వీధి మొహం చూడని కొత్త జత ఒకటి కొని, ఇంటికే ఉంచండి. సింహాచలం గిరి ప్రదక్షిణ 32 కిలోమీటర్లు, చాలామంది చెప్పుల్లేకుండానే నడుస్తారు. పుండు ఉన్నవాళ్లు, ఒకసారి పుండు వచ్చి మానినవాళ్లు ఆ మొక్కు ఇంకో రకంగా తీర్చుకోండి. పైడితల్లమ్మ సిరిమానోత్సవం నాడు విజయనగరం వీధుల్లో ఆ తొక్కిసలాటలోకి కూడా వట్టికాళ్లతో వెళ్లకండి.

మంచాన పడినవాళ్లకు మడమ వెనక పుండు వస్తుంది. దిండు పిక్క కింద నిలువునా పెట్టండి, మడమ గాలిలో తేలాలి. మడమ కిందే దిండు పెడితే ఏం లాభం లేదు.

ఇంట్లో కట్టు మార్చేటప్పుడు

ఎన్ని రోజులకోసారి మార్చాలో మీ నర్సు చెప్పినట్టే చెయ్యండి. చేతులు సబ్బుతో కడుక్కోండి. ఫ్యాను ఆపండి, కోళ్లను, పిల్లలను బయటికి పంపండి. పాత కట్టు అంటుకుంటే పీకకండి, సెలైన్ పోసి కాసేపు ఆగండి. సెలైన్ లేకపోతే మరిగించి చల్లార్చిన నీళ్లు సరిపోతాయి. లీటరు నీళ్లకు రెండు చిన్న చెంచాల ఉప్పు వేసి మరిగించుకోవచ్చు. మర్నాటికి మిగిలితే పారబొయ్యండి.

మధ్య నుంచి అంచుల వైపు తుడవండి. హైడ్రోజన్ పెరాక్సైడ్, స్పిరిట్, డెటాల్ రోజూ పుండులో పోస్తే క్రిములతో పాటు కొత్త కండ కూడా చస్తుంది. బకెట్టు నీళ్లలో కాలు నానబెట్టొద్దు. పుండు పూర్తిగా ఎండి చెక్కు కట్టాలనుకోవడం పాత నమ్మకం. కాస్త తేమగా ఉంటేనే కొత్త చర్మం పాకుతుంది. అలాగని చుట్టూ చర్మం నానిపోయి తెల్లబడితే కట్టు మరీ తడిగా ఉన్నట్టు. ఎండిన నల్ల వేలి సంగతి వేరు, అది పొడిగానే ఉండాలి.

చుట్టుకట్టు వేళ్ల వైపు నుంచి పైకి రావాలి, వేళ్ల చివర్లు బయటికి కనిపించాలి. కట్టాక బొటనవేలి గోరు నొక్కి వదలండి. రెండు మూడు సెకన్లలో గులాబి రంగు తిరిగి రాకపోతే విప్పి వదులుగా కట్టండి. పలుచని ముసలి చర్మం మీద ప్లాస్టరు నేరుగా అంటించకండి, తీసేటప్పుడు చర్మం ఊడి వస్తుంది. చూసింది ఒక నోటు పుస్తకంలో రెండు ముక్కలు రాయండి: రంగు, వాసన, కట్టు ఎంత తడిసింది.

షుగరు, కిడ్నీ, చుట్ట

షుగరు అదుపులో లేకపోతే పుండు నత్తనడకన మానుతుంది. చీము పట్టినప్పుడు మాత్రలు సరిపోక కొన్నాళ్లు ఇన్సులిన్ ఇస్తారు. "ఒకసారి మొదలెడితే అలవాటైపోద్ది" అని భయపడి మానేయకండి.

కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు, పలాస, ఇచ్ఛాపురం వైపు వాళ్లకు ఈ మాట నొక్కి చెబుతున్నాను. మీ ఉద్దానం ప్రాంతంలో కిడ్నీ జబ్బు ఎంత మందికి ఉందో మీకు వేరే చెప్పాలా! నొప్పికని దుకాణంలో కొనే డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ లాంటి మాత్రలు దెబ్బతిన్న కిడ్నీని ఇంకా దెబ్బతీస్తాయి. కొన్ని యాంటీబయాటిక్ ఇంజెక్షన్ల డోసు కూడా క్రియాటినిన్ (కిడ్నీ పనితీరు చెప్పే రక్తపరీక్ష) చూసి తగ్గించాలి. రక్తనాళాలను ఎక్స్‌రేలో చూసే యాంజియోగ్రామ్‌లో వాడే రంగు మందు విషయంలోనూ జాగ్రత్త కావాలి. ఊరి పేరు చెప్పి, క్రియాటినిన్ రిపోర్టు చూపించండి. డయాలసిస్ మీద ఉన్నవాళ్ల కాళ్లకు పుండ్లు తొందరగా వస్తాయి, మెల్లగా మానుతాయి. యంత్రం మీద నాలుగు గంటలు పడుకున్నప్పుడు మడమ కింద ఒత్తిడి లేకుండా చూసుకోండి.

పుండు మానడానికి మాంసకృత్తులు కావాలి. కిడ్నీ బాగున్నవాళ్లు గుడ్లు, చేపలు, పప్పు, పాలు కాస్త ఎక్కువే తినాలి. "పుండు మీద గుడ్డు తింటే చీము పడుతుంది" అన్నది వట్టి మాట. కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లు మాత్రం ఎంత తినాలో డాక్టరును అడిగి తినండి.

పొగాకు రక్తనాళాలను బిగిస్తుంది. మగవాళ్లను చుట్ట, బీడీ గురించి అందరూ అడుగుతారు. మన తీరపు ఊళ్లలో నిప్పు నోట్లో పెట్టుకుని అడ్డపొగ తాగే అమ్మమ్మలను ఎవరూ అడగరు, వాళ్లూ చెప్పరు. నేను పక్కన కూర్చుని, చెయ్యి పట్టుకుని, "రోజుకి ఎన్ని అమ్మా?" అని అడుగుతాను. అప్పుడు చెబుతారు. మీ ఇంట్లో ఉంటే మీరే డాక్టరుకు చెప్పండి.

నాలుగు వారాల లెక్క

మొదటి రోజు రాసుకున్న కొలత ఉంది కదా, నాలుగు వారాలకు మళ్లీ కొలవండి. పుండు వైశాల్యం దాదాపు సగానికి తగ్గి ఉండాలి. తగ్గకపోతే అదే కట్టు, అదే మందు ఇంకో నెల వాడటం తప్పు. రక్తం అందుతోందా, ఎముకలో చీముందా, బూటు నిజంగా వేసుకుంటున్నారా, షుగరు ఎంతుంది అని మొదటి నుంచి మళ్లీ వెతకాలి. చాలా కాలం మానని పుండు అంచులు పైకి లేచి కాలీఫ్లవర్‌లా పెరిగితే ముక్క పరీక్షకు పంపమని అడగండి. పాత పుండులో క్యాన్సర్ అరుదుగానైనా వస్తుంది.

మానాక

పైన చర్మం మూసుకున్నంత మాత్రాన కాలు పాత కాలు కాదు. ఆ చోట మళ్లీ పుండు రావడం చాలా మామూలు, ముఖ్యంగా మొదటి ఏడాదిలో. ఎంసీఆర్ అనే మెత్తటి రబ్బరు అట్ట ఉన్న చెప్పులు తీసుకోండి, కుష్ఠు ఆసుపత్రుల్లో ఎంతో కాలంగా ఇవే ఇస్తున్నారు. అట్ట మెత్తగా ఉండాలి, కింది సోలు గట్టిగా ఉండాలి. వెనక పట్టీ ఉంటే స్పర్శ లేని కాలి నుంచి చెప్పు జారిపోదు. వేలి సందులో తాడు ఉన్న హవాయి చెప్పులు వద్దు. సాయంత్రం, కాలు కాస్త వాచి ఉన్న వేళ కొలత తీయించుకోండి. మొదటి రోజు అరగంట మాత్రమే వేసుకుని విప్పి, ఎక్కడైనా ఎర్రబడిందేమో చూడండి. గోళ్లు అడ్డంగా, తిన్నగా కత్తిరించండి, మూలలు లోతుగా తవ్వకండి. పగిలిన మడమలకు కొబ్బరినూనె రాయొచ్చు, వేళ్ల సందుల్లో మాత్రం వద్దు.

మొదట్లో చెప్పిన ఆ తాతకు బొటనవేలి మొదట్లో, పుండు కింద ఉన్న ఎముక కొసలో చీము ఉందని తేలింది. కొస తీసేశారు, వేలు నిలిచింది. పుండు మూసుకునేసరికి మనవరాలి పెళ్లి కూడా అయిపోయింది. పెళ్లిలో వీల్‌చైర్‌లోనే కూర్చున్నాడట. మొన్న చెకప్‌కు వచ్చినప్పుడు బల్ల ఎక్కే ముందే చెప్పులు విప్పి నా చేతికిచ్చాడు. నేను లోపల చెయ్యి పెట్టి తడిమాను. నున్నగా ఉన్నాయి. "రోజూ పొద్దున్నే మనవడు సూస్తన్నాడమ్మా, ఏసుకునే ముందల" అన్నాడు.